గోడ వైపు నడిచిన ట్రాలీ

నడుము పట్టేశాక ట్రాక్టర్ ఇంజన్లు చేతులతో లేపే రోజులు అయిపోయాయి. టేకులపల్లి దగ్గర మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇనుప గర్డర్ ఎక్కించాను. ఒక కొస గోడలో, రెండో కొస మద్ది స్తంభం మీద. గర్డర్‌కు చక్రాల ట్రాలీ, దానికి వేలాడుతూ బరువులు లేపే గొలుసు కప్పీ, చైన్ బ్లాక్. నీళ్ల పైపు పట్టి మట్టం చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. పని విషయంలో నాకు పొగరు ఎక్కువే.

మా ఆవిడ ప్రతి శుక్రవారం ఆ స్తంభం మొదట్లో పసుపు రాసి, చెంబెడు నీళ్లు పోసేది.

"నీళ్లు పోస్తె చిగురు పెడ్తదా ఏంది?" అని ఎగతాళి చేశాను.

"నీ నడుముకు బదులు అది మోస్తున్నది. దండం పెడ్తె నీకేం పోయింది?"

ఆ మాట నచ్చింది. తర్వాత చెంబు నేనే నింపి ఇచ్చేవాణ్ణి.

వానలు వెనకబట్టాక ట్రాలీ కదలడం మొదలైంది. ఖాళీగా స్తంభం దగ్గర వదిలి అన్నానికి పోతే, వచ్చేసరికి గోడ దగ్గర ఉండేది. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలదు. కొక్కెం మాత్రం ఊగుతుండేది. ఆవిడకు చెప్పలేదు. గ్రీజు ఎక్కువైందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒక శుక్రవారం పొద్దున, స్తంభం పక్కన ఒక ఇంజన్‌ను మోకాలెత్తు లేపి, బోల్టు కోసం వాకిట్లోకి వెళ్లాను. ఆవిడ తనే చెంబు నింపుకుని వెనక తలుపు నుంచి వచ్చి స్తంభం ముందు పీట వేసుకుని కూర్చుందని తెలియదు. చక్రాల చప్పుడు విని పరుగెత్తాను. ఇంజన్ నిదానంగా గోడ వైపు పోతోంది. నేను దాని చాటున ఉన్నాననుకుని, "ఏందిది, చెప్పకుండ గుంజుతవా? ఆపు!" అని తిడుతూ ఆవిడ దాని వెంట నడుస్తోంది. ఆమె వెనక స్తంభం ఫెళ్లున విరిగింది. గర్డర్ కొస సరిగ్గా ఆ పీట మీద పడింది.

సాయంత్రం స్తంభం మొదలు తవ్వి చూశాను. మొదలంతా చెద. మేం పోసిన నీళ్లకు నాని గుల్లయింది. స్తంభం పాతినప్పుడు నేలకు సమంగా గీసిన రంగు గీత రెండు వేళ్ల లోతున దొరికింది. అంటే స్తంభం అంత మేర కుంగి, గర్డర్ ఎప్పటినుంచో స్తంభం వైపే వాలి ఉంది. జారితే ట్రాలీ ఇటే జారాలి. అంత ఇంజన్‌ను మోసుకుని అది ఎత్తుకు ఎక్కింది.

ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ఆమె ముఖంలో ఇంకా నెత్తురు లేదు.

"నువ్వు గుంజబట్టి లేచిన. లేకుంటే పీటతోటే పోతుంటి. నువ్వే గదా గుంజింది?"

"అవ్," అన్నాను. "నేనే."