మౌతార్గాన్ కోసం పలచన చేసిన పళ్ళు

2022 కార్తీకమాసం. వాషర్‌మెన్‌పేట్‌లో మా ఇంటి ముందుగదే మా డెంటల్ ల్యాబ్. డాక్టర్లు పంపే నోటి అచ్చులను బట్టి డెంచర్లు, అంటే కట్టుడు పళ్ళ సెట్లు, చేయడం నా పని. బడిలో నేర్చుకున్నది కాదు, నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నది. దీపం పెట్టేటప్పుడు స్వామితో పాటు ఆయననూ తలుచుకుంటాను.

మామూలుగా రోగులు మా గడప తొక్కరు. జోసఫ్ తాత మాత్రం వచ్చారు. హార్బరులో గుమాస్తాగా రిటైరైన మనిషి. నేను చేసిన పైసెట్టుతో ఇబ్బందిగా ఉందంటే డాక్టరుగారే పంపారు.

"తినేటప్పుడు నొప్పా తాతా?"

"తిండికేం మా, మురుకులు కూడా నమిలేస్తా ఉండా. ఇదే వాయించనీయడం లేదు," అంటూ చొక్కా జేబులోంచి మౌతార్గాన్ తీశారు.

వయసులో ఉన్నప్పుడు ఆయన, స్నేహితుడు సామ్యేల్ కలిసి ఓడలవాళ్ళు ఇచ్చిన రికార్డులు విని అమెరికా బ్లూస్ పాటలు నేర్చుకున్నారట. సామ్యేల్‌ది గిటారు.

"పత్తిచేలల్లో కూలి చేసిన నల్లవాళ్ళ పాటలు మా. చూపులేనోళ్ళు వీధుల్లో నిలబడి పాడినారు. రికార్డులు అమ్మినోళ్ళు బాగుపడినారు. పాడినోళ్ళల్లో కొందరికి సమాధి మీద రాయి కూడా లేదు. ఆళ్ళ మొహాలు మాకు తెలీవు. గొంతులు తెలుసు."

ఆ సామ్యేల్ ఇప్పుడు కిడ్నీలు చెడి ఆస్పత్రిలో ఉన్నాడు. ఇక ఎక్కువ రోజులు లేవన్నారు. తన మిత్రుణ్ని ఒకే ఒక్క పాట అడిగాడు.

నా ఎదుటే వాయించమన్నాను. ఆ పాటలో ఒకచోట ఊపిరి లోపలికి పీలుస్తూ స్వరాన్ని కిందికి జార్చాలి, మన పాటలో జారు లాగా. అందుకు అంగిలి కింద నాలుకకు చోటు కావాలి. అక్కడంతా నా డెంచర్ పలకే ఉంది. స్వరం నిటారుగా వచ్చింది.

"విన్నావా? ఏడవాల్సిన చోట బడిపిల్లోడు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉండాది."

"పలక పలచన చేస్తే విరుగుతుంది తాతా. గట్టివి కొరకలేరు."

"గంజి తాగుతా. గంజికి పళ్ళెందుకు మా?"

"తర్వాత ఇబ్బంది పడతారు."

"తర్వాత సంగతి తర్వాత," అన్నారు, నా వంక చూడకుండా.

డాక్టరుగారికి ఫోన్ చేసి సరేననిపించుకున్నాను. కొంచెం అరగదీయడం, ఆయన పెట్టుకుని వాయించడం, మళ్ళీ అరగదీయడం. వెలుతురుకు పట్టుకుంటే అవతలి వైపు నా వేలు కనిపించేంత పలచనైంది. అప్పుడు స్వరం జారింది. వంటింట్లో మా వదిన కుళాయి కట్టేసింది. ఆయన అటునుంచి అటే ఆస్పత్రికి వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో వచ్చి కూర్చున్నారు.

"వాయించినారా తాతా?"

"వాయించినా మా. ఆడు కండ్లు తెరవలా. దుప్పటి మీద ఏళ్ళు మాత్రం కదిలినాయి, గిటారు పట్టినట్టు." పాటలో ఒకచోట ఎప్పుడూ తప్పు వాయించేవాడు. ఆ పొద్దు కూడా ఆ చోటే ఏళ్ళు తప్పినాడు. మర్నాడు పోయినాడు."

జేబురుమాల్లో చుట్టిన సెట్టు బల్ల మీద పెట్టారు.

"ఇప్పుడు దీన్ని మందంగా చేసియ్యి మా. తినడానికే."

ఆ పలక మీద మళ్ళీ మందం ఎక్కించడానికి నాకు చేతులు రాలేదు. వేరే సెట్టు చేశాను. అది బాగా కుదిరింది, మురుకులు నములుతున్నానని ఫోన్ కూడా చేశారు. నాన్న నేర్పిన లెక్కలో అదే మంచి పని. కానీ నా చేతికి దేవుడిచ్చిన మంచి పని ఏదని అడిగితే, విరిగిపోయేంత పలచనైన ఆ మొదటిదే గుర్తొస్తుంది. అప్పటినుంచి అచ్చు పంపే ప్రతి డాక్టరునూ ఒక మాట అడుగుతున్నాను, ఈ మనిషి తినడం కాక నోటితో ఇంకేం చేస్తారని.

కొత్తది తీసుకున్న రోజు, పాతది ఇక వద్దన్నారు తాత. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం జేబులో వేసుకున్నారు, మౌతార్గాన్ ఉన్న జేబులోనే.