ఏమీ చెయ్యని ముక్కకు దాత కావలెను

జగ్గయ్యపేటలో పేరు లేని వస్తువు దొరకడం కష్టం. హైస్కూల్లో ఫ్యాను రెక్కల మీద, గ్రంథాలయంలో బల్లల వెనక, శ్మశానంలో రేకుల షెడ్డు దూలం మీద, చివరికి చలివేంద్రం కుండల మీద కూడా ఫలానావారి జ్ఞాపకార్థం ఫలానావారు అని ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. ట్యూబులైటు మీద పేరు మరీ పెద్దదిగా రాయించుకోవడం వల్ల వెలుతురు తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. ఈ పేర్లన్నిటి వెనకా తన పేరు ఎక్కడా రాయించుకోని మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన అనంతరామయ్య మాస్టారు.

ఉద్యోగ జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. లెక్కలు చెప్పినవాడు లెక్క అప్పచెబుతాడన్న నమ్మకంతో ఊరు ఆయన చేతిలో చందా పుస్తకం పెట్టింది. శ్రీరామనవమి పందిరి దగ్గర్నుంచి బడి ప్రహరీగోడ దాకా ఆయన అడగనిదే లేదు, ఆయన అడిగితే రానిదీ లేదు. ఎవరింటికీ భోజనానికి ముందు వెళ్ళడు. వెళ్ళినచోట కూర్చోడు. నిలబడ్డ మాస్టారిని ఎక్కువసేపు చూడలేక ఇచ్చేసేవాళ్ళే సగంమంది. మిగతా సగం గురించి ఆయనకొక సిద్ధాంతం ఉంది: మనిషి చదువుకు ఇవ్వడు, ఫ్యానుకిస్తాడు. కంటికి కనబడాలి, పేరు పట్టేంత చోటుండాలి.

ఈ సిద్ధాంతానికి రెండువేల ఒకటిలో గట్టి పరీక్ష వచ్చింది. తెచ్చింది బయటివాళ్ళెవరూ కాదు, కన్నకూతురు వైదేహి.

వైదేహి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఉప్పునీటి బురదలో పెరిగే మడ చెట్ల మీద ఆమె పని. కొట్టేసిన అడవిని మళ్ళీ మొలిపించాలంటే ఏం చెయ్యాలి? మొక్కలు నాటితే చాలా, లేక సముద్రపు పోటు నీళ్ళు లోపలికి వచ్చేలా ముందు కాలవలు తవ్వాలా? మూడేళ్ళు చూస్తేగాని తేలదు. మొదటి ఏడాది మొదలవకుండానే, డబ్బిస్తామన్న ఢిల్లీ సంస్థవాళ్ళు తమ ప్రాధాన్యాలు మారాయని సెలవిచ్చారు. ఏ ప్రాధాన్యాలు ఎటు మారాయో చెప్పలేదు. చెప్పకపోవడమూ వాళ్ళ ప్రాధాన్యాల్లో ఒకటి కాబోలు.

ఇంటికొచ్చి వైదేహి అన్నం ముందు కూర్చుని కంచంలో వేలితో గీతలు గీస్తోంది. తల్లి కమలాంబ మజ్జిగ పోసి, "దాని మొహం చూడలేకపోతున్నానండీ, మీరేమన్నా చెయ్యకూడదూ?" అంది.

"మనూళ్ళో అడుగుతా," అన్నాడు మాస్టారు.

"నాన్నా, ఇది భజనమందిరం కాదు, పరిశోధన!"

"పరిశోధనలో ఫ్యాన్లుంటాయిటే?"

"ఉండవు."

"మొక్కలు?"

"ఉంటాయి."

"చాలు," అని చెయ్యి కడుక్కున్నాడు.

సముద్రానికీ జగ్గయ్యపేటకీ అంతవరకూ ఉన్న సంబంధం ఉప్పు ప్యాకెట్టు వరకే. మాస్టారు ముందుగా గరికపాడు దగ్గర ధాబాలో లారీల యజమాని బుల్లిబాబును పట్టుకున్నాడు.

"ఏంటి మాస్టారూ, సముద్రానికి చందానా? మా లారీలు అటు హైదరాబాదు, ఇటు బెజవాడండి. సముద్రం మా రూట్లో లేదు."

"డెబ్భై ఏడు ఉప్పెనకి మీ నాన్నగారు లారీలో బియ్యం వేసుకుని దివిసీమ వెళ్ళారు. తిరిగొచ్చి చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదని మీ అమ్మగారే నాతో చెప్పారు. సముద్రం పేట దాకా రాలేదుగానీ మీ ఇంటిదాకా వచ్చింది బుల్లిబాబూ."

బుల్లిబాబు చేతిలోని రొట్టె ముక్క కంచంలో పెట్టేశాడు. అందరికంటే పెద్ద చందా అతనిదే.

నందిగామ కోర్టులో ప్లీడరు భవానీప్రసాద్ ముందు శ్రీరామనవమి కమిటీ రసీదు అడిగి, తరవాత మొక్క సంగతి అడిగి, తరవాత డబ్బిచ్చాడు. చిల్లకల్లులో మిర్చి పండించే దుర్గాంబ మాత్రం వాకిట్లో కల్లం ఊడుస్తూ ప్రశ్నలేసింది.

"ఆ చెట్టుకి కాయ కాస్తదా పంతులుగారూ?"

"తినేది కాయదమ్మా."

"మరెందుకు?"

"ఉప్పెనొస్తే జోరు తగ్గిస్తుందంటున్నారు. పోయిన అడవి మళ్ళీ పెరుగుతుందేమోనని చూస్తారు."

"ఏమోననా?"

"ఏమోననేనమ్మా. ముందే తెలిస్తే ఇంక పరిశోధన ఎందుకు?"

దుర్గాంబ చీపురు గోడకానించి లోపలికి వెళ్ళి, డబ్బు తెచ్చి చేతిలో పెట్టి, మళ్ళీ ఊడవడం మొదలెట్టింది. తన వాగ్ధాటికి ఇదొక నిదర్శనమని మాస్టారు లోలోపల సంతోషించాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. చిక్కు పంపకం దగ్గర వచ్చింది. బురదనేలను వైదేహి మూడు రకాల ముక్కలు చేసింది. కొన్నిటిలో కాలవ తవ్వి మొక్కలు నాటుతారు. కొన్నిటిలో కాలవ లేకుండా నాటుతారు. ఒక ముక్కలో మాత్రం ఏమీ చెయ్యరు. అది అలాగే పడి ఉండాలి.

"బుల్లిబాబు పెద్ద దాత. కాలవ పక్కన మంచి ముక్క అతని పేర పెట్టమ్మా," అన్నాడు మాస్టారు.

"చీట్లేసి తీస్తా నాన్నా. ఎవరికేది వస్తే అదే."

చందాల చరిత్రలో పెద్ద దాత పేరు చీటీలో పడడం అదే మొదలు. చీటీకి మర్యాద తెలియదు. బుల్లిబాబుకూ భవానీప్రసాద్‌కూ కాలవలేని ముక్కలొచ్చాయి. దుర్గాంబకు కాలవ పక్కది వచ్చింది.

ఏమీ చెయ్యని ముక్కకు దాత దొరకలేదు. అది లేకపోతే మిగతావాటిని దేనితో పోల్చాలో తెలియదనీ, పనంతా వృథా అనీ వైదేహి చెప్పింది. మాస్టారు అదే మాట బుల్లిబాబుకు చెప్పాడు.

"ఏమీ చెయ్యకుండా ఉండడానికి డబ్బులా మాస్టారూ? మా బావమరిది ఆ పని మా ఇంట్లో ఉచితంగానే చేస్తన్నాడండి!"

ఫ్యాను సిద్ధాంతం ఇక్కడ విఫలమైంది. చివరికి మాస్టారు ఆ ముక్క ఖర్చు తన పింఛనులోంచే ఇచ్చాడు. అలవాటు ప్రకారం పేరు పెట్టించుకోలేదు.

మరుసటి కార్తీకమాసంలో దాతలందరినీ వనభోజనాలకు తీసుకెళతానని ఆయన మాటిచ్చాడు. వనంలో భోజనమూ అవుతుంది, ఎవరి మొక్క వాళ్ళు చూసుకున్నట్టూ ఉంటుంది. పైగా రెండో ఏడాది చందా కూడా అక్కడే అడగొచ్చు. అది రాకపోతే వైదేహి పని మధ్యలో ఆగిపోతుంది. ఇంత చక్కని పథకానికి ఎండాకాలం అడ్డొచ్చింది. కాలవలేని ముక్కల్లో పోటు నీళ్ళు అందక నేల మీద ఉప్పు పేరుకుపోయి, మొక్కలన్నీ మాడిపోయాయని వైదేహి ఫోన్లో చెప్పింది. ఆమె గొంతులో బాధకంటే కుతూహలమే ఎక్కువుంది. మాస్టారి కుర్చీలో మాత్రం మాస్టారు లేడు. లేచి వరండాలో తిరుగుతున్నాడు.

కార్తీకం వచ్చింది. వ్యాను జగ్గయ్యపేటలో బయల్దేరి, చిల్లకల్లులో దుర్గాంబను, నందిగామలో ప్లీడరును ఎక్కించుకుని, కీసర దాటి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరింది. దారి పొడుగునా బుల్లిబాబు తన మొక్క ఎంత ఎత్తు పెరిగి ఉంటుందో అంచనాలు వేస్తున్నాడు. మాస్టారు కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తున్నాడు.

రేవులో వైదేహి పడవ దగ్గర నిలబడి ఉంది. సామాన్లు ఎక్కించాక పడవ మూల ఒక గోతం కనబడింది.

"అందులో ఏంటి నాన్నా?"

"పులిహోర."

"పులిహోరకి ఆకులొచ్చాయే?"

మాస్టారు దాతలకు వినబడకుండా గొంతు తగ్గించాడు. నర్సరీ మనిషితో ముందే మాట్లాడి తెప్పించిన పచ్చటి మడ మొక్కలవి. చచ్చినవాటి చోట గుచ్చేస్తే ఈ పూటకు గడిచిపోతుంది.

"వాళ్ళు తినేలోపల నేను చూసుకుంటానే. ఇంట్లో తులసిమొక్క ఎండితే ఇంకోటి పెట్టుకోమా?"

"క్లాసులో పిల్లాడి లెక్క తప్పయితే, నువ్వే జవాబు దిద్ది మార్కులేశావా ఎప్పుడన్నా?"

"వాళ్ళు నాకు చందాలివ్వలేదు కదమ్మా!"

"ఎండిపోయిన మొక్కలే నా జవాబు నాన్నా. అవి పీకేస్తే నా దగ్గర ఇంకేం లేదు. ఏడాది పనీ పోతుంది."

ఆయన కూతురి మొహం వంక చూశాడు. చిన్నప్పుడు లెక్క సరిగ్గా చేసికూడా తనచేత చీవాట్లు తిన్న రోజున ఇలాగే చూసింది. జవాబు తప్పని ఆయనే పొరపడ్డాడు ఆ రోజు. గోతం పడవలోనే ఉండిపోయింది.

బురద గట్టు మీద దాతలు వరసగా నిలబడ్డారు. కాలవ పక్కన దుర్గాంబ ముక్కలో మొక్కలు మోకాలెత్తు పెరిగి, ముదురాకుపచ్చగా మెరుస్తున్నాయి. అటుపక్క తెల్లటి ఉప్పు పొర మీద పేరు పలకలు దర్జాగా నిలబడి ఉన్నాయి. వాటి కింద నల్లటి పుల్లలున్నాయి.

ముందుగా ప్లీడరు తేరుకున్నాడు. "మాస్టారూ, నేను మా మావగారి పేరు పెట్టించానండి. ఆయన బతికే ఉన్నారు! ఇది మా ఆవిడకి ఎలా చెప్పను?"

బుల్లిబాబు తన ముక్కలోకి దిగాడు. తండ్రి పేరున్న పలక కిందకు వంగి, పుల్లను వేలితో తాకి చూశాడు. అది పుటుక్కున విరిగింది.

మాస్టారు గట్టు మీద కాస్త ఎత్తైన చోటికి వెళ్ళి నిలబడ్డాడు. మైకు లేకపోయినా పందిట్లో నిలబడే తీరులోనే నిలబడ్డాడు. ఈసారి గొంతు మాత్రం పందిట్లోది కాదు.

"పెద్దలకు నమస్కారం. మీరు దయతో ఇచ్చిన మొక్కల్లో కాలవ లేనిచోట నాటినవి చచ్చిపోయాయి. కాలవ ఉన్నచోటివి బతికాయి. మొక్కల తప్పు కాదు, మా అమ్మాయి అశ్రద్ధా కాదు. నీళ్ళు రానిచోట నాటితే ఇలా అవుతుందని మీ డబ్బుతో తెలిసింది. ఇకముందు ఇక్కడ ఎవరు అడవి పెంచినా, మీ మొక్కలు చచ్చినచోట వాళ్ళ మొక్కలు చావవు. కొత్త మొక్కలు తెచ్చి మీకు చూపిద్దామనుకున్నా. పడవలో ఉన్నాయి. మా అమ్మాయి నాటనివ్వలేదు."

గాలికి ప్లీడరు ఉత్తరీయం ఎగురుతోంది. పీతలు కన్నాల్లోంచి బయటికొచ్చి, సభను చూసి మళ్ళీ లోపలికి పోయాయి.

"మాస్టారూ," అన్నాడు బుల్లిబాబు. "హైస్కూల్లో తొమ్మిదో తరగతి గదిలో మా నాన్న పేరున్న ఫ్యానుంది, గుర్తుందా?"

"ఉంది."

"అది తిరుగుతందా?"

మాస్టారికి తెలియదు.

"తిరగదండి. మావాడు ఆ క్లాసులో ఉన్నప్పుడే తిరగలా. మీరూ చెప్పలా, ఎవరూ చెప్పలా. పేరు మాత్రం శుభ్రంగా కనబడతా ఉంటది. ఇవాళ ఇంత దూరం తీసుకొచ్చి, నీది చచ్చింది, ఇందుకు చచ్చింది అని మొహం మీద చెప్పారు. ఇచ్చినదానికి ఏమైందో నాకెవరన్నా చెప్పడం ఇదే ఫస్టు టైమండి."

ఇది పొగడ్తో తిట్టో మాస్టారికి అర్థం కాలేదు. రెండూ అయి ఉండవచ్చునని తోచి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎన్ని ఫ్యాన్లకు పేర్లు రాయించాడో ఆయనకు తెలుసు. ఒక్కదాని కింద కూడా కూర్చుని చూడలేదు.

దుర్గాంబ ఈ గొడవ పట్టించుకోకుండా, పలక లేని ముక్క దగ్గర నిలబడి ఉంది.

"ఇదెవరిది పంతులుగారూ?"

"ఎవరిదీ కాదమ్మా. ఇందులో ఏమీ చెయ్యం. ఊరికే వదిలేస్తే ఏమవుతుందో రాసుకుంటారు."

ఆమె ఆ వట్టి బురద వంక చూసింది. "మా అక్కనిచ్చింది ఈ పక్కనే. ఉప్పెనలో ఆ ఇల్లు మొత్తం పోయింది. అప్పుడూ ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యలా. రాసుకున్నోళ్ళు కూడా లేరు." కొంగు సవరించుకుంది. "ఈ ముక్క నాకియ్యండి. పేరు మా అక్కది పెట్టించండి. పుష్పవతి."

చిల్లకల్లు వాకిట్లో ఆ రోజు డబ్బిప్పించింది తన వాగ్ధాటి కాదని మాస్టారికి అప్పుడు తెలిసింది.

పులిహోర గట్టు మీదే తిన్నారు. రెండో ఏడాది చందా ఆయన అడగలేదు. బుల్లిబాబే చెయ్యి కడుక్కుంటూ, "మళ్ళీ చీట్లేస్తారా మాస్టారూ?" అన్నాడు. వైదేహి వేస్తానంది. "వెయ్యండి," అన్నాడు. ప్లీడరు మాత్రం ఈసారి ఎవరి పేరూ వద్దని, రసీదు ఒక్కటి చాలని చెప్పాడు.

మూడేళ్ళూ గడిచాక వైదేహి పత్రం ఒక విదేశీ పత్రికలో అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో జగ్గయ్యపేట శ్రీరామనవమి ఉత్సవ కమిటీ అని ఉంది. అది ఏ తరహా విజ్ఞాన సంస్థ అని పత్రికవాళ్ళు అడిగితే, పాతదేనని జవాబు రాసిందిట.

అది తరవాతి సంగతి. వనభోజనాల తరవాత వచ్చిన నవమికి మాత్రం పందిట్లో జనం మాస్టారి నోట కొత్త దాతల పేర్లు విందామని కూర్చున్నారు. కమలాంబ ముందు వరసలో విసనకర్రతో ఉంది. ఆయన మైకు పట్టుకుని సముద్రపు మొక్కల్లో ఏవి బతికాయో ఏవి చచ్చాయో చదివాడు. తరవాత కండువా సర్దుకుని ఊళ్ళోకి వచ్చాడు. తొమ్మిదో తరగతి ఫ్యాను, తిరగడం లేదు. గ్రంథాలయం బల్ల, కాలు విరిగింది. శ్మశానం రేకుల షెడ్డు, కురుస్తోంది. దాతల పేర్లతో సహా, పందిట్లో చదవాల్సిన గంభీరమైన గొంతుతోనే చదువుతూ పోయాడు. కమిటీ పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బుల్లిబాబు ఒక్కడూ చప్పట్లు కొట్టాడు.

సగంలో మైకు గరగరమని మూగబోయింది. మాస్టారు కంగారుపడలేదు. దాన్ని తిప్పి, వెనక ఎర్ర రంగుతో రాసి ఉన్న దాత పేరు వెతికి, ఆ పేరు కూడా చదివాడు.