కార్పెట్ కింద జాలీ

మా మోటర్‌హోమ్ మా అమ్మాయి కంటే పదిహేనేళ్లు పెద్దది. కోవెంట్రీలో మా ప్రార్థన కూడికకు వచ్చే ఒక పెద్దాయన, ఇక నడపలేనని, తాళాలు మా చేతిలో పెట్టేశారు. మా ఆయన కేర్ హోమ్‌లో పని చేస్తారు. డ్యూటీల రోటాలో శని, ఆదివారాలు సెలవుగా కలిసొస్తే అందులోనే లీడ్స్‌కో న్యూకాసిల్‌కో ప్రార్థనలకు వెళ్లి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా హాలు వెనక ఆపుకొని పడుకునేవాళ్లం. వంటకు పొయ్యి, వెచ్చదనానికి ప్రొపేన్ గ్యాస్‌తో నడిచే హీటర్లు రెండు. అంత చిన్న చోట అన్నీ అమర్చిపెట్టినందుకు ఎక్కినప్పుడల్లా దేవునికి స్తోత్రం చెప్పుకునేదాన్ని.

హీటర్లు మాకు సౌఖ్యం కోసం కాదు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, ఆస్తమా. చలిగాలి తగిలితే ఛాతీ పట్టేస్తుంది. పోయిన శీతాకాలంలో ముందు హీటర్ వెలిగినట్టే వెలిగి ఆరిపోవడం మొదలుపెట్టింది. వెనకది నీలంగా కాక పసుపు మంటతో మండేది. ఆ శనివారం లీడ్స్‌లో పిల్ల పాట పాడాలి. హీటర్లు బాగుపడితేనే పిల్ల వస్తుందని మా ఆయన తేల్చి చెప్పారు.

గురువారం ఉదయం, హీటర్లు బాగుచేసే అంకుల్ వచ్చారు. తెనాలి వైపు మనిషి. చాలా ఏళ్లు కార్ల ఫ్యాక్టరీలో పని చేసి, తర్వాత ఇలాంటి బండ్ల గ్యాస్ పనికి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. సిలిండర్ కట్టేసి, రాగి గొట్టం విప్పి, దాని మూతికి బిరడా బిగించి, ముందు హీటర్‌ను బయటికి లాగారు.

"ఎవరమ్మా దీన్ని ఆఖరిసారి విప్పింది?"

"మేమైతే విప్పలేదు అంకుల్."

"తెలస్తానే ఉంది. సాలీళ్లు మూడు తరాలు కాపరం చేసిపోయినయ్."

చిన్నప్పుడు నేను బడికి వెళ్లలేదు. మా అమ్మ బైబిలు మీద వేలు పెట్టించి ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. ఎవరు ఏ పని చేస్తున్నా నాకు అలా వేలు పెట్టి చదివినట్టు చూడటమే అలవాటు. అంకుల్ విప్పిన స్క్రూలను విప్పిన వరసలోనే ఇడ్లీ రేకుల గుంటల్లో వేస్తూ వచ్చాను.

"ఇయ్యాళ టిఫిన్ స్క్రూలా?" అన్నారు అంకుల్. "చట్నీ కూడా చేశావా?"

ఆయన బర్నర్‌ను బ్రష్‌తో రుద్ది, గాలి కొట్టి, సన్న కన్నమున్న జెట్‌ను వెలుతురుకు పట్టి చూశారు. మా ఆయన సాయం చేద్దామని గుండుసూది తెచ్చారు.

"దాచెయ్యవయ్యా దాన్ని. కన్నం వెంట్రుకవాసి పెద్దదయినా మంట దారి తప్పుద్ది."

వెనక హీటర్ కథ వేరు. దాని మంట గది తుప్పు పట్టి, వేలు ఆనిస్తే రేకు లోపలికి పోయింది. "ఇది మళ్లీ ఎక్కదు," అని దాన్ని పేవ్‌మెంట్ మీద పెట్టి, ఆ వైపు గొట్టం శాశ్వతంగా మూసేశారు. ముందుదాన్ని మాత్రం ఇడ్లీ రేకుల్లోంచి ఒక్కొక్క స్క్రూ అందుకుంటూ తిరిగి బిగించారు.

తర్వాత గ్యాస్ ఒత్తిడి చూసే మీటరు తగిలించారు. ముల్లు నిలవలేదు, మెల్లగా దిగింది. గ్యాస్ ఎక్కడో కారుతోందని ఆయన గొట్టం పొడుగునా నురగ నీళ్లు పూస్తూ వెళ్లారు. పిల్ల పడుకునే బల్ల వెనక, ఒక పాత అతుకు దగ్గర బుడగలు లేచాయి.

"వాసన రాలేదా మీకు?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"వచ్చింది అంకుల్," అన్నారు మా ఆయన. "ఎండు చేపలనుకున్నాం. ఆ బల్ల కిందే సంచి పెడుతుంది తను."

అంకుల్ గట్టిగా నవ్వారు. "పాపం, చేపల మీదికి తోసేశారా! సర్లే, ప్రొపేన్ గాలి కంటే బరువు. కారితే నేల మీదే పారుద్ది. అది బయటికి పోను నేలలో జాలీ పెడతారు. మీది ఎక్కడ?"

మా ఆయనకు తెలియదు. నాకు తెలుసు. నడిమధ్య పరిచిన కార్పెట్ ముక్క ఎత్తాను. దాని కింద స్పాంజి, దాని చుట్టూ నాలుగు వైపులా వెండి రంగు టేపు.

"నేనే మూశాను అంకుల్. సాయంత్రం ముగ్గురం ఇక్కడే మోకరిస్తాం. కింద నుంచి గాలి కొట్టి పిల్లకు దగ్గు వచ్చేది."

ఈసారి అంకుల్ నవ్వలేదు. "గాలొచ్చే కన్నం కాదమ్మా అది. గ్యాసు పోయే కన్నం."

మా ఆయన పిల్ల బల్ల వైపు చూశారు. అది నేలకు జానెడు ఎత్తు.

"ఎప్పట్నుంచి?" అని అడిగారు.

"రెండు చలికాలాల నుంచి."

మా ఆయన బండి దిగి, వీధి చివరి దాకా నడిచి వచ్చారు. ఈలోగా అంకుల్ ఆ అతుకు కోసి కొత్తది వేశారు. ముల్లు నిలిచింది. హీటర్ వెలిగించారు. మంట నీలంగా, కదలకుండా ఉంది. ఒకటే అయినా చాలునన్నారు. బల్ల పక్కన, కింది వైపు గ్యాస్ అలారం ఒకటి బిగించారు.

"పిల్లను తీసుకెళ్లొచ్చా అంకుల్?" మా ఆయన అడిగారు.

"జాలీ తెరిస్తే తీసుకెళ్లు."

"ఆ టేపు నువ్వే పీకు," అన్నారు మా ఆయన నాతో. పీకాను. జిగురు వదలక కూరగాయల చాకుతో గీకాను. మధ్యాహ్నమంతా పట్టింది. ఆ జాలీ మీద మోకాళ్లుంచి, వెచ్చగా ఉంచినందుకు ఎన్ని సాయంత్రాలు స్తోత్రం చెప్పానో లెక్కపెట్టబోయి మానుకున్నాను.

శనివారం లీడ్స్‌లో పిల్ల పాట బాగా పాడింది. సాయంత్రం బండిలో ప్రార్థనకు దిగబోయి, కార్పెట్ లేని నేల మీద కాలు పెట్టి తీసేసింది.

"మమ్, ఇట్స్ ఫ్రీజింగ్ డౌన్ హియర్!"

"సాక్సులు వేసుకుని నీ బల్ల పైనే కూర్చో అమ్మా. అక్కడి నుంచే చేసుకోవచ్చు."

"రియల్లీ? నీలింగ్ వద్దా?"

"నీకు వద్దు."

మా ఆయన నా పక్కన మోకరించారు. మా ఇద్దరి మధ్య జాలీలోంచి గాలి సన్నగా కొడుతోంది. రోజూ ప్రార్థనలో వరసగా అడిగేవాటిలో ఆ సాయంత్రం నేను ఏదీ అడగలేదు. పిల్లకు ఏమీ కాకుండా గడిచిన ఆ రెండు చలికాలాలకు మాత్రం స్తోత్రం చెప్పాను. పైన పిల్ల ఆమెన్ అంది.