మావ అడిగిన రెండు గుర్తులు

మొన్న మంగళవారం పొద్దున్న మా మేనమావ పోయాడు. కళింగపట్నం నుంచి చుట్టాలందరికీ నేనే ఫోన్ చేశాను. ఒక్కరూ నమ్మలేదు. "ఒరే, సావు మీద కూడా ఎకసెక్కాలేట్రా!" అని తిట్టి పెట్టేశారు. వాళ్ల తప్పేమీ లేదు. బతికున్న ఇద్దరు ముగ్గురిని ఇదివరకే ఫోన్‌లో చంపిన నోరు నాది.

మావ వేటకెళ్లిన రోజుల్లో ఒడ్డున లైట్‌హౌసూ, దాని వెనక తాడిచెట్టూ ఒకే వరసలోకి వచ్చేదాకా పడవ నడిపి, అక్కడ వల దింపేవాడు. ముసలితనంలో చూపు మందగించాక మనుషులనూ అలాగే పట్టేవాడు. ఎవరు పలకరించినా "రెండు గుర్తులు సెప్పు" అనేవాడు. ఎవరి కొడుకు, ఏ ఇంటి పక్క. ఆ రెండూ చెబితే కళ్లు మూసుకుని, కాసేపటికి పేరు తెచ్చేవాడు.

నేను ఊరుకుంటానా? గొంతు మార్చి దొంగ గుర్తులిచ్చేవాణ్ణి. "శ్రీకూర్మంలో పూలకొట్టు. నీకు వియ్యంకుణ్ణి." పాపం, పావుగంట వెతికి వెతికి, "నువ్వేట్రా, ఎదవా!" అని నవ్వేవాడు.

ఒకసారి శ్రీకాకుళం తీసుకెళితే డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "వయసులో ఉన్నప్పుడు ఒక మాట గుర్తు తెచ్చుకోవడానికి మెదడు ముందుభాగంలో ఎక్కువగా ఒక పక్క పనిచేస్తే చాలు. ఈ వయసులో చాలామందికి అదే మాట కోసం రెండు పక్కలూ పనిచేస్తాయి. ఊరికే కూర్చున్నాడనుకోకు. తొందరపెట్టకు."

నాకు ఒడ్డున లాగే పెద్దవల గుర్తొచ్చింది. రెండు కొసలా జనం చెమటలు కక్కుతూ తాడు లాగుతారు. నేను నవ్వుకున్న ఆ పావుగంటలన్నీ మావ లోపల అంత లాగుడు లాగాడన్నమాట. ఆ రోజుతో దొంగ గుర్తులు మానేశాను.

నా మూడో ఏట మా అమ్మ పోయింది. ఫొటో కూడా లేదు. నన్నేదో ముద్దుపేరుతో పిలిచేదట. అది తెలిసినవాడు మావ ఒక్కడే మిగిలాడు. యాభై దగ్గరపడ్డవాణ్ణి, అడగడానికి సిగ్గేసి ఇన్నాళ్లూ అడగలేదు. పోయిన నెల అడిగాను.

"మావా, మాయమ్మ నన్నేటని పిలిసేది?"

"గుర్తులు?"

"మీ అక్క. ఆవిడ ఒళ్లో నేను."

చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. చేతులు తాడు లాగుతున్నట్టు కదిలాయి. తర్వాత అనుమానంగా నావైపు తిరిగాడు.

"మళ్లీ దొంగ గుర్తులేట్రా?"

"కాదు మావా. ఒట్టు."

"నీ ఒట్టు నాకు తెల్దేటి!" అన్నాడు. అంటూనే మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఒడ్డున పాత పడవ నీడలో ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. నేను అడక్కపోయినా తనే అనేవాడు. "వస్తాదిరా. బరువుగా ఉన్నాది."

ఇప్పుడక్కడ ఒక్కణ్ణే కూర్చుంటున్నాను. ఎదురుగా పెద్దవల లాగుతున్నారు. తడితాడు ఇసక మీద చుట్టలు చుట్టలుగా పడుతూనే ఉంది. వల ఇంకా నీళ్లలోనే ఉంది.