పిల్లల గది కోసం పట్టిన జోలె

మా వాడికి మద్రాసులో గుండె ఆపరేషన్ జరిగినప్పుడు అత్తవారి వైపు నుంచి ఒక్కరూ రాలేదు. ముందు ఆ మాట చెప్పాలి, ఎందుకంటే మా చుట్టాలు ఈ సంగతి చెప్పుకునేటప్పుడు దాన్ని వదిలేస్తారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకి జరిగిన సంగతి ఇది. వాడు పుట్టిననాటి నుంచీ రెండు గుక్కలు పాలు తాగితే ఆయాసపడేవాడు. పుట్టగానే మూసుకోవలసిన నాళం ఒకటి గుండె దగ్గర తెరిచే ఉండిపోయిందని మద్రాసులో చెప్పి, దాన్ని దారంతో కట్టారు. తోడున్నది నేనూ, మా ఆయనా, మా అమ్మా. ఎడమ రెక్క కింద కుట్లు జెర్రిలా కనిపించేవి. పంపించేటప్పుడు అక్కడి డాక్టరుగారు ఒకటే చెప్పారు. రొంప ముదిరి ఆయాసం వస్తే ఇంట్లో ఉంచకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి అని.

గోదావరికి వరదొస్తే మాకు పడవల రేవులు మూసేస్తారు. ఇవతల మేం చేరుకోగలిగింది అమలాపురం ఆస్పత్రి ఒక్కటే. అందులో పిల్లలకి గది లేదు. పసివాళ్ళని వరండాలో చాపల మీద పడుకోబెట్టేవారు, అదీ జల్లు కొట్టే వైపు. "చందాలు పోగుచెయ్యండమ్మా, గోడలు నేను లేపిస్తాను" అన్నారు అక్కడి డాక్టరుగారు. వానల్లోపు ఆ గది లేస్తేనే మా వాడు దక్కుతాడని నాకు పట్టుకుంది.

మా ఇంటి కోడళ్ళు గుమ్మం దిగి ఒకరిని అడగడమన్నది లేదు. అత్తగారే ఉపాయం చెప్పారు.

"పసుపు బట్టతో జోలె కట్టుకెళ్ళమ్మాయ్. మొక్కు జోలెకి ఎంత గొప్పింటివాళ్ళకైనా నామర్దా లేదు."

గండం గడిచిన బిడ్డ తల్లి అలా ఇల్లిల్లూ అడిగి, వచ్చింది దేవుడికి చెల్లించడం మా వైపు మామూలే. నేను వాణ్ణి చంకనేసుకుని ముక్తేశ్వరం దాకా తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ, ఇది ఆస్పత్రిలో పిల్లల గదికండీ అని చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అనేవారు. చొక్కా ఎత్తి కుట్లు చూసేవారు. ఒకావిడ, "మీరిద్దరూ తెల్లగా ఉంటారు కదండీ, పిల్లాణ్ణి ఆస్పత్రిలో మార్చేసేరేమో చూసుకున్నారా" అంది. ఆవిడ ఇల్లు ఇప్పటికీ చూపించగలను. బియ్యం వేసేవారు, చిల్లర వేసేవారు. కొబ్బరి దింపు తీసేచోట కాయలిచ్చేవారు. వేసేముందు కళ్ళకద్దుకునేవారు. నాకది మంచి శకునంగానే తోచింది.

కాయలు మా బావగారి సావిట్లో, అంటే మా ఆయన అన్నగారింట్లో, రాశి పోశాం. సావిడి నిండాక ఆయన వ్యాపారిని పిలిచి అమ్మేశారు. చిల్లరతో సహా ఆ డబ్బంతా పెట్టి ఊళ్ళో స్వామివారికి కల్యాణం చేయిస్తున్నామని పెద్దల్ని కూర్చోబెట్టి చెప్పారు.

ఆ రోజుల్లో బావగారి ఎదుటపడి మాట్లాడకూడదు. నేను తలుపు వెనక నుంచుని అత్తగారికి చెప్పాలి, ఆవిడ ఆయనకి చెప్పాలి. ఆయన చేతికందే దూరంలోనే ఉన్నారు. నా మాట ప్రతి అక్షరం ఆయనకి వినపడుతూనే ఉంది.

"గుమ్మం గుమ్మంలోనూ ఆస్పత్రికనే చెప్పేనండి. దేవుడి పేరు ఒక్కచోటా ఎత్తలేదు" అన్నాను.

"తెలీక అడిగిందిరా నాయనా" అన్నారు అత్తగారు.

"తెలీక కాదండి. వానొస్తే పిల్లాడు ఎక్కడ పడుకోవాలో అడగండి."

"పిల్లాడి గురించి బెంగపెట్టుకుందిరా."

"అందుకే కదమ్మా కల్యాణం" అన్నారు బావగారు. "పసుపు జోలెలో పడింది స్వామిది. దాంతో ఆస్పత్రికి ఇటుకలు కొంటే ఆ పాపం ఎవడు మొయ్యాలి? ఎవరికిచ్చేరో ఇచ్చినవాళ్ళనే అడుగు."

కూర్చున్నవాళ్ళలో ఒకాయన అందుకున్నాడు. "మేం స్వామికే వేసేమండి. ఆస్పత్రికైతే డాక్టరే వచ్చి అడుగును కదండీ."

మా ఆయన కండువా అంచు చూసుకుంటూ కూర్చున్నారు.

కల్యాణం ఘనంగా జరిగిందట. నేను వెళ్ళలేదు. వెళ్ళలేదన్న మాట ఏడాది పొడుగునా పడ్డాను.

శ్రావణంలో వాడికి రొంప ముదిరింది. గోదావరి పొంగి రేవులు మూసేశారు. వాణ్ణి అమలాపురం తీసుకెళితే చూపించింది ఆ వరండానే. పక్క చాప మీద ఒక కూలావిడ, నెలల పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఉంది. చాపలు రెండూ దగ్గరికి జరుపుకుని, మా ఆయన పంచె స్తంభాలకి కట్టుకున్నాం. పంచె తడిసి బరువెక్కి, జల్లు లోపలికే కొట్టింది. డాక్టరుగారు నా మొహం చూడకుండా పిల్లల్ని చూసి వెళ్ళేవారు.

మా వాడు తేరుకున్నాడు. ఆ పిల్ల ఒకరోజు పొద్దున్నే పోయింది. తండ్రి వచ్చి ఎత్తుకెళ్ళాడు.

ఆ పూటే బావగారు అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చారు. కల్యాణం అక్షింతలు వాడి తలమీద వేసి, ఆవిడతో అన్నారు.

"చూసేవా అమ్మా, స్వామి సొమ్ము స్వామికి చేరబట్టి దక్కేడు."

బతికిన బిడ్డ నా ఒళ్ళో ఉన్నాడు. ఆయన మాట తప్పని ఎలా అనను?

చాప చుట్టుకుంటున్న కూలావిడ ఆగి నావైపు తిరిగింది. "మేమూ మొక్కేమండి" అంది, తనవల్లే ఏదో పొరపాటు జరిగినట్టు.

బావగారు మిగిలిన అక్షింతలు ఆవిడ చేతిలో పోశారు. ఆవిడ కాదనలేదు. కొంగున ముడేసుకుని, చాప చంకన పెట్టుకుని వానలోకి దిగింది.