కుక్కర్ విజిల్ లేని క్యాసెట్

రాధారాణి గారు చైనా పిల్లలకు చేతి సైగలు నేర్పి ఇంగ్లీషు పరీక్ష పాస్ చేయించారని, స్కూలువాళ్ళు పట్టుకుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉద్యోగం నిలబెట్టుకున్నారని చికాగో పక్కన షామ్‌బర్గ్ తెలుగువాళ్ళలో ఒక మాట ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. నేను మొదట విన్నది ఎనభై నాలుగు ఉగాది భోజనాల దగ్గర, పులిహోర కోసం వరసలో నిలబడినప్పుడు. నా ముందు శశికళ గారు, ఆవిడ ముందు కూతురి దగ్గరికి ఆరు నెలలు ఉండడానికి వచ్చిన రత్నం గారు ఉన్నారు.

"ఒక వేలు చూపిస్తే ఏ, రెండు వేళ్ళు చూపిస్తే బీ అట పిన్నిగారూ! తొమ్మిదిమంది పిల్లలూ ఒకేసారి పాస్. ఎవరు నమ్ముతారండీ?"

"అయ్యో రామ! ఆవిడ టీచరా?"

"టీచరెక్కడ? ఎయిడ్. టీచర్‌కి హెల్ప్ చేసే మనిషి. ఆవిడకి ఫోన్ లిఫ్ట్ చేయాలంటేనే భయం. పిజ్జా ఆర్డర్ చేయాలన్నా వాళ్ళాయన గోపాల్ గారు ఆఫీస్ నుంచి రావాలి. ఆవిడ ఇంగ్లీష్ నేర్పటం, వీళ్ళు నేర్చుకోవటం!"

ఇద్దరూ పళ్ళేలు ఊగేటట్టు నవ్వారు. ఆ పరీక్ష జరిగిన గదిలో నేను ఉన్నాను. టేప్ రికార్డర్ మీట నొక్కింది నేనే. అయినా ఆ రోజు పులిహోర పెట్టించుకుని వచ్చేశాను. ఆ చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

మా అక్క ఉష కాన్పుకు సాయంగా నేను పంతొమ్మిదో ఏట ఇక్కడికి వచ్చాను. అమ్మ జబ్బు వల్ల నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. పాప కాస్త పెద్దదయ్యాక అక్క, "ఇంట్లో కూర్చుంటే ఇంగ్లీష్ ఎట్లా వస్తుందే మీనా? రాధారాణి గారితో స్కూల్‌కి వెళ్ళు. పొద్దున్న పూట పాపని నేను చూసుకుంటాలే," అంది. రాధారాణి గారు మా పై అంతస్తులో ఉండేవారు. తెనాలి ఆవిడది. నలభై దాటిన మనిషి. చీర మీద గోపాల్ గారి పాత కోటు, కాళ్ళకు మంచు బూట్లు వేసుకుని, పొడుగాటి స్టేషన్ వ్యాగన్‌ని బస్సు నడిపినట్టు నడిపేవారు. దారిలో ఏదో ఒకటి పాడుకునేవారు.

స్కూల్లో ఆవిడ పని చివరి గదిలో. కొత్తగా దేశం వచ్చిన పిల్లలకు అక్కడ ఇంగ్లీషు చెప్పేవారు. ఆ ఏడాది చైనా నుంచి, తైవాన్ నుంచి వచ్చినవాళ్ళు తొమ్మిదిమంది. మిసెస్ ఓల్సన్ అనే ఆవిడ టీచరు. పొడుగ్గా, తెల్లగా, సుద్దముక్కలా ఉండేది. నాకు అప్పజెప్పిన పని బోర్డు తుడవడం, చేతి మర తిప్పి ఊదారంగు అక్షరాలతో కాగితాలు అచ్చు తీయడం. ఆ కాగితాల స్పిరిట్ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు బాగా నచ్చింది. అందరినీ చూస్తూ కూర్చునేదాన్ని.

ఆ గది దాటి మామూలు క్లాసులకు వెళ్ళాలంటే రెండు పరీక్షలు ఉండేవి. ఒకటి చదివి జవాబు రాసేది, రెండోది క్యాసెట్ విని జవాబు రాసేది. ఒక్కోదానికి నలభై మార్కులు, ఒక్కోదాంట్లో ఇరవై ఎనిమిది వస్తే పాస్. సెప్టెంబర్‌లో పెట్టినప్పుడు చదివేదాంట్లో ఈ పిల్లలకు ముప్ఫై ఆరు, ముప్ఫై ఎనిమిది వచ్చాయి. వినేదాంట్లో పదకొండు, పన్నెండు. మిసెస్ ఓల్సన్ టేప్ రికార్డర్ పాడైందేమోనని రిపేరుకు పంపింది.

"మిషన్‌కి ఏమైంది, దుక్కలా ఉంది," అన్నారు రాధారాణి గారు కారులో. "వీళ్ళు నాలాంటివాళ్ళే మీనా. మా స్కూల్లో ఇంగ్లీష్ మాస్టారు పాఠం అంతా తెలుగులో చెప్పేవాడు. పుస్తకం ఇస్తే గడగడా చదివేదాన్ని. ఇక్కడికొచ్చి దిగాక ఎయిర్‌పోర్ట్‌లో ఒకాయన ఏదో అడిగాడు. ఆయన ఇంగ్లీష్ మాట్లాడుతున్నాడని కూడా తెలియలేదు నాకు! ఈ పిల్లలకి ఇంగ్లీష్ కంట్లో ఉంది. చెవిలోకి దించాలి. అంతే."

దించడానికి ఆవిడ చేసిన పని చూసి మొదట నేనే నవ్వాను. రోజూ పొద్దున్న వంటింట్లో కుక్కర్‌లో పప్పు పడేసి, రేడియోలో చికాగో వాతావరణం చెప్పేటప్పుడు పక్కన క్యాసెట్ పెట్టి రికార్డు చేసేవారు. అది తెచ్చి క్లాసులో వినిపించేవారు. రేడియో మనిషి వేగంగా గాలి, మంచు, డిగ్రీలు చెప్పుకుపోతుంటే మధ్యలో కుక్కర్ కూత పెట్టేది. పిల్లలు కోటు, టోపీ, మఫ్లర్, గ్లవ్స్, వీటిలో ఆ రోజుకు ఏవి కావాలో ఎంచుకుని బల్ల మీద పెట్టాలి. మొదటి వారం అందరూ అన్నీ పెట్టేశారు. రాధారాణి గారు కూడా వాళ్ళతోపాటు పెట్టి, తప్పయితే తన తల మీద తనే మొట్టుకునేవారు.

ఆ పిల్లల్లో షూమేయ్ అని పదిహేడేళ్ళ అమ్మాయి. రెండు జడలు, లావుపాటి కళ్ళద్దాలు. నాలాగే మాట్లాడేది కాదు, అందుకే మేమిద్దరం స్నేహితులమయ్యాం. క్యాసెట్ వింటూ ఎడమ అరచేతిలో కుడి చూపుడువేలితో ఏదో రాసుకునేది. ఆమె ఒక్కతే కాదు, అందరూ అంతే. ఒకరోజు ధైర్యం చేసి నా అరచెయ్యి చాపి, అదేమిటని కళ్ళతో అడిగాను. నా చేతిలో రాసి చూపించింది. చక్కిలిగింత పుట్టి నవ్వాను. "స్నో," అంది. విన్న మాటకు వాళ్ళ భాషలో ఉన్న అక్షరం అరచేతిలో గీసుకుంటే అది మనసులో నిలుస్తుందట. చిన్నప్పటి నుంచీ అందరికీ అలవాటట.

డిసెంబర్‌లో ఒక పూట గోడ మీది లౌడ్‌స్పీకర్ గరగరమంది. ఎవరో గబగబా ఏదో చెప్పారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రాధారాణి గారు కూడా తల ఎత్తి చూస్తున్నారు. ఇంతలో షూమేయ్ కుర్చీ వెనక్కి పడేలా లేచి నిలబడింది.

"బస్! ట్వెల్వ్ థర్టీ! స్నో!" అని అరిచింది.

మంచు వల్ల బస్సులు పన్నెండున్నరకే బయలుదేరతాయని ఆ మాట. ఎవరూ చెప్పకుండా, పుస్తకం చూడకుండా, తన చెవితో తను విన్న మొదటి కబురు. మిగతా ఎనిమిదిమందీ బల్లలు చరిచారు. రాధారాణి గారు షూమేయ్‌ని పట్టుకుని గిరగిరా తిప్పేశారు. "వినపడిందే! దీనికి వినపడింది!" అని తెలుగులో ఒకటే కేకలు. మిసెస్ ఓల్సన్ తలుపు తెరిచి చూసి, ఏమీ అర్థం కాక మళ్ళీ మూసుకుంది.

ఆ రోజు నుంచి ఆ గదికి జ్వరం పట్టుకుంది. నేను లోపలికి అడుగుపెట్టగానే, "టుడే, హౌ మెనీ విజిల్?" అని అడిగేవాళ్ళు. రెండు విజిళ్ళంటే పప్పు, నాలుగంటే శనగలు. వాళ్ళకు మా ఇళ్ళ వంట కూడా వచ్చేసింది.

మార్చి మొదట్లో మళ్ళీ వినే పరీక్ష జరిగింది. అందరికీ ముప్ఫై పైనే వచ్చాయి. మేం సంతోషపడేలోపే మిసెస్ ఓల్సన్ రాధారాణి గారిని పిలిచింది. పన్నెండు నుంచి ముప్ఫై రెండుకు ఆరు నెలల్లో ఎవరూ రారని, పైగా పరీక్షలో పిల్లల వేళ్ళు అరచేతుల్లో ఆడడం తను కళ్ళారా చూశానని, అవి సైగలని అంది. రాధారాణి గారు ఆ అలవాటు గురించి చెప్పారు. మిసెస్ ఓల్సన్ సగం నమ్మింది. అలవాటే అయితే నలభై నిమిషాలు మానుకుని చూపించమంది. గురువారం మళ్ళీ పరీక్ష, కొత్త క్యాసెట్. మార్కులు పడిపోతే పిల్లలంతా ఇంకో ఏడాది ఆ గదిలోనే, రాధారాణి గారికి ఆ స్కూల్లో పని ఉండదు.

షూమేయ్‌కి మాత్రం ఇంకో ఏడాది అన్న మాటే లేదు. ఈసారి దాటకపోతే చదువు మాన్పించి మేనమామ హోటల్లో కౌంటర్ దగ్గర కూర్చోబెడతానని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు. ఆ మాట ఆమే నాకు చెప్పింది. ఆగిపోయిన చదువు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

మంగళవారం, బుధవారం చేతులు బల్ల మీద బోర్లా పెట్టించి అలవాటు చేయబోయాం. మార్కులు ఇరవైకి పడిపోయాయి. షూమేయ్‌కి పద్దెనిమిది. వేళ్ళు కదలకుండా గట్టిగా అదిమిపెట్టడంలోనే వాళ్ళ ప్రాణం అంతా పోతోంది.

"మన చేతులు కట్టేస్తే మనం మాట్లాడగలమా మీనా?" అన్నారు రాధారాణి గారు తిరిగి వస్తుంటే. "వీళ్ళు వినలేకపోతున్నారు." ఆ రోజు పాట పాడలేదు.

గురువారం పొద్దున్న గదిలో ఒక బల్లకూ ఇంకో బల్లకూ మధ్య మనిషి పడుకునేంత దూరం. మిసెస్ ఓల్సన్ రాధారాణి గారిని బయట కూర్చోమంది. ఆవిడ కదల్లేదు.

"నేను కూడా పరీక్ష రాస్తాను," అన్నారు ఇంగ్లీషులో. "వెనక వరసలో కూర్చుంటాను. పిల్లల వీపులు నాకు, నా చేతులు మీకు కనిపిస్తాయి."

మిసెస్ ఓల్సన్ ఆవిడకు ఒక జవాబు కాగితం, పెన్సిలు ఇచ్చింది. నేను తలుపు పక్కన టేప్ రికార్డర్ దగ్గర కూర్చున్నాను. "హ్యాండ్స్ ఆన్ ద డెస్క్, ప్లీజ్," అంది మిసెస్ ఓల్సన్. జవాబు గుర్తు పెట్టేటప్పుడు తప్ప చేతులు కదపకూడదు. నేను మీట నొక్కాను.

ఎవరో మగమనిషి గొంతు, అద్దంలా శుభ్రంగా వచ్చింది. ముందు వరసలోంచి ఎవరో నెమ్మదిగా, "నో విజిల్," అన్నారు. తొమ్మిదిమంది భుజాలూ నవ్వుతో ఒక్కసారి కదిలాయి. ఆ నవ్వుతో కొంత బిగువు సడలింది. కానీ మొదటి ప్రశ్నకు షూమేయ్ పెన్సిలు గాల్లోనే ఆగిపోయింది. రెండోది, మూడోది పోయాయి. కళ్ళద్దాల కింద కళ్ళు గట్టిగా మూసుకుంది.

అప్పుడు నా చూపు కిందికి పోయింది. షూమేయ్ కుడి బూటు కొన నేల మీద కదులుతోంది. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒకటి, పక్కకు ఒక చుక్క. బూటు ఆగింది, పెన్సిలు దిగింది. మళ్ళీ బూటు, మళ్ళీ పెన్సిలు. పక్క బల్ల కింద చూశాను. అక్కడా ఒక బూటు. దాని వెనక ఇంకొకటి. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరి కాలు ఎవరికీ కనపడదు. మొత్తం తొమ్మిది బూట్లు నేల మీద రాస్తున్నాయి.

అట్లా చూస్తూ ఉండిపోవడమే నేను చేసిన తప్పు. మిసెస్ ఓల్సన్ నా చూపు వెంట తనూ కిందికి చూసింది. క్యాసెట్ ఆపమంటుందేమోనని నా వేలు మీట మీదే ఉంది. ఆవిడ ఒక బల్ల కింద చూసింది, ఇంకో బల్ల కింద చూసింది. ఎవరి గీత వాళ్ళది, ఏ ఇద్దరివీ ఒకేసారి కదలడం లేదు, ఒక్కరూ పక్కకు చూడడం లేదు. చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా వెళ్ళి కిటికీ వైపు తిరిగి నిలబడింది.

పరీక్ష అయ్యాక అక్కడే, మా ముందే, సరైన జవాబుల చోట చిల్లులు పొడిచిన అట్టను కాగితాల మీద పెట్టి దిద్దింది. ఎవరూ కూర్చోలేదు. ఒక్కొక్క పేరూ పలకడానికి ఆవిడ అవస్థ పడుతుంటే పిల్లలే అందించారు. ముప్ఫై మూడు. ముప్ఫై. ముప్ఫై ఐదు. ఇరవై తొమ్మిది. షూమేయ్ కాగితం ఎనిమిదోది. ఆమె నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

"థర్టీ వన్."

ఆమె అరవలేదు. నా అరచేతిలో ఏదో గబగబా రాసింది. ఏం రాసిందో నేను అడగలేదు. తొమ్మిదోది ముప్ఫై నాలుగు. అప్పుడు మాత్రం గది పైకప్పు లేచిపోయింది. తొమ్మిదిమందీ నోళ్ళతో కుక్కర్ విజిల్ వేశారు! వరండాలో పోతున్నవాళ్ళు ఆగి చూశారు. మిసెస్ ఓల్సన్ రాధారాణి గారి దగ్గరికి వచ్చి చెయ్యి చాపి, "నేను పొరబడ్డాను," అంది. రాధారాణి గారు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపేశారు. కళ్ళనీళ్ళు ఉన్నమాట నిజమే. అవి ఇద్దరి కళ్ళల్లోనూ ఉన్నాయి.

రాధారాణి గారు ఇప్పటికీ అదే గదిలో పని చేస్తున్నారు. షూమేయ్ మరుసటి ఏడు హైస్కూలు ముగించి కాలేజీలో చేరింది. సైగల కథ మాత్రం ఏటా ఉగాదికి కొత్త వేళ్ళు మొలిపించుకుంటూనే ఉంది. చెబితే నవ్వేసి, "పోనీలే మీనా, చెప్పుకోనీ," అంటారు ఆవిడ.

అయితే ఆ కథ చెప్పేవాళ్ళెవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆ రోజు మిసెస్ ఓల్సన్ దిద్దిన కాగితాలు పది. పదోదాన్ని ఆవిడ పైకి చదవకుండా మడిచి ఇచ్చేసింది. ఇంటికి వెళ్ళేటప్పుడు రాధారాణి గారు సిగ్నల్ దగ్గర కారు ఆపి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి దాన్ని తీసి నా ఒళ్ళో పడేసి, పగలబడి నవ్వారు.

పాస్ కావడానికి ఇరవై ఎనిమిది రావాలి. రాధారాణి గారికి ఇరవై ఆరు వచ్చాయి.