ఎక్కడ పడుకుంటే ఆ జట్టు

ఈ సంగతి నేను ఇంగ్లీషులో అడిగాను, ఉర్దూలో అడిగాను, వచ్చీరాని అరబ్బీలో కూడా అడిగాను. ఒక్కరూ జవాబు చెప్పలేదు. కొందరు నవ్వారు. ఒకాయన నా భుజం తట్టి, ఎండ ఎక్కువగా ఉంది, నీడకు వెళ్లు అన్నాడు. నేను ఎండ గురించి అడగలేదు. ఇన్నాళ్లూ నోటితో అడిగితే గాలికి పోయింది కాబట్టి ఇప్పుడు తెలుగులో రాస్తున్నాను. ఇక్కడివాళ్లు వినకపోయినా చదివేవాళ్లకు విషయం తెలుస్తుంది.

సౌదీలో ధహ్రాన్ నుంచి ఖఫ్జీ వెళ్లే దారిలో మా కాంట్రాక్టు కంపెనీకి రెండు క్యాంపులు ఉన్నాయి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. పాత క్యాంపంటే రేకు క్యాబిన్లు, మెస్‌కు చాలా దూరం నడక, కిటికీ ఏసీలు. కొత్త క్యాంపంటే కాంక్రీటు గదులు, పక్కనే మెస్, జిమ్. రెండింటికీ మధ్య ఒక మైదానం. నేను స్టోర్ కీపర్‌ని, ఊరు రాజంపేట దగ్గర. వచ్చినప్పటి నుంచీ పాత క్యాంపులోనే ఉన్నాను. మార్చమని నేను అడగలేదు, మారతావా అని వాళ్లూ అడగలేదు.

మైదానంలో మొదట క్రికెట్ ఆడేవాళ్లు. తర్వాత ఒక ఆస్ట్రేలియా మేనేజరు వచ్చాడు. సూట్‌కేసులో పీచు తీయని కొబ్బరికాయ లాంటి వాళ్ల దేశపు ఫుట్‌బాల్ బంతులు నాలుగైదు తెచ్చుకున్నాడు. పరంజా కట్టే మా స్కఫోల్డింగ్ పైపులతో మైదానం రెండు చివరలా నాలుగేసి స్తంభాలు పాతించాడు. మధ్య రెండూ పొడుగు, పక్కవి రెండూ పొట్టి. ఆ పైపులు నా స్టోర్ నుంచే వెళ్లాయి. మధ్య స్తంభాల నడుమ బంతి తంతే ఆరు పాయింట్లు, పక్క సందులోంచి పోతే ఒకటి. బంతిని విసరకూడదు, పిడికిలితో గుద్ది అందించాలి. ఎవరైనా దూరం నుంచి తన్నిన బంతిని కింద పడకుండా పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. పట్టుకున్నవాణ్ణి ఎవరూ అడ్డుకోకూడదు, తీరిగ్గా నిలబడి తన్నుకోవచ్చు. అసలు ఆటకు జట్టుకు పద్దెనిమిది మంది కావాలట, మా దగ్గర తొమ్మిది మందితో సరిపెట్టారు. ఆస్ట్రేలియావాళ్లు కొద్దిమందే కాబట్టి మిగతా చోట్లు మావాళ్లు, నేపాలీలు, ఫిలిప్పీన్స్‌వాళ్లు నింపారు. వేసుకునేది చేతుల్లేని బనీను. మాది నీలం, కొత్త క్యాంపుది పసుపు. హాస్పిటల్ జట్టొకటి, ఖఫ్జీ సైటు జట్టొకటి కూడా ఉండేవి.

జట్లు ఎట్లా పంచాలన్నదానికి మేనేజరు ఒక్కటే రూలు పెట్టాడు. ఎవరు ఏ క్యాంపులో పడుకుంటే ఆ క్యాంపు జట్టు. అందరికీ సమానంగా ఉంటుందని పెట్టాడు. ఆయన ఉద్యోగం ముగించుకుని ఎగ్జిట్ మీద వెళ్లిపోయాడు, రూలు మిగిలిపోయింది. ఆ రూలును చూసుకోవడానికి ఒక కమిటీ ఉంది. కమిటీలో ఉన్నవాళ్లంతా కొత్త క్యాంపులోనే పడుకుంటారు. ఇది నేను కనిపెట్టిన రహస్యం కాదు, ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు.

ఏటా కప్పు కొత్త క్యాంపుకే. వాళ్లు బాగా ఆడతారు కాబట్టి గెలుస్తారని అందరూ అంటారు. నేను కూడా మొదట్లో అట్లాగే అనుకున్నాను. తర్వాత టాస్ గమనించడం మొదలుపెట్టాను. ఇక్కడ గాలి ఉత్తరం నుంచి వస్తుంది, సాయంత్రం అయ్యేకొద్దీ ముదురుతుంది. ఆటకు నాలుగు భాగాలు, ప్రతి భాగానికీ వైపు మారాలి. కొత్త క్యాంపు కెప్టెన్ ప్రతిసారీ టాస్ గెలిచి, మొదటి భాగం ఎదురుగాలికి ఆడతాం అనేవాడు. ఎంత మంచివాడు అనుకున్నాను. చివరి భాగంలో, మావాళ్ల కాళ్లు బరువెక్కాక, ముదిరిన గాలి వాళ్ల వీపు వెనక ఉండేది. టాస్ వేసే నాణెం అంపైరు జేబులోది. ఆ నాణేన్ని ఒకసారి చూపించమన్నాను. నవ్వి జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత గదులు. మా జట్టులో ఒక నేపాలీ ఉండేవాడు, ఇసుకలో కూడా లేడిలా పరిగెత్తేవాడు. మెస్ డ్యూటీ వేశారు, మెస్‌కు దగ్గరగా ఉండాలని కొత్త క్యాంపుకు మార్చారు. మరుసటి సీజన్‌లో ఒక కేరళ పంపు ఆపరేటరు ఎడమకాలితో బంతిని మైదానం సగం దాటించేవాడు. అతని క్యాబిన్‌లో నల్లులు పడ్డాయన్నారు. నల్లులు మా క్యాబిన్లన్నింటిలోనూ ఉన్నాయి. మారింది అతనొక్కడే. బాగా ఆడనివాణ్ణి ఏ నల్లీ ఎందుకు కుట్టలేదని హౌసింగ్ ఇన్‌చార్జ్‌ని అడిగాను. ఆయన లాహోర్ మనిషి, ప్రతి ఆటకూ కొత్త క్యాంపు టెంటు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. "సబ్ర్ కరో, భాయ్" అన్నాడు. ఓపిక పట్టమని.

ఓపిక పట్టాను. కిందటి ఏడు మాకొక మనిషి దొరికాడు. శ్రీకాకుళం జిల్లావాడు, స్కఫోల్డర్, పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాడు. ఊళ్లో వాలీబాల్ ఆడేవాడట. పగలంతా పైపులెక్కే ఒళ్లు. మొదటి ఆటలో బంతి పైకి లేచింది, దాని కింద ముగ్గురు తెల్లవాళ్లు చేతులు చాచి నిలబడ్డారు. ఇతను వెనక నుంచి వచ్చి ఒకడి వీపు మీద మోకాలు ఆనించి, మెట్టెక్కినట్టు ఎక్కి, అందరి తలల పైన బంతి పట్టుకున్నాడు. అంపైరు విజిల్ వేశాడు. తప్పు చేశాడు, మనవాణ్ణి పంపించేస్తారు అనుకున్నాం. తప్పు కాదట. ఈ ఆటలో అంతకంటే గొప్ప పని లేదట.

మా క్యాంపులో వెల్డర్లకూ ఫిట్టర్లకూ మాటల్లేవు. ఒక్కో రాష్ట్రంవాళ్లది ఒక్కో టీ పొయ్యి. ఆ శుక్రవారం సాయంత్రం అందరూ ఒకే పొయ్యి చుట్టూ నిలబడి, అతను ఎట్లా ఎగిరాడో ఒకరికొకరు చేతులతో చూపించుకున్నారు. కప్పు మీద నాకు పెద్ద మోజు లేదు. ఒక్కసారి, ఒక్క ఫైనల్లో, ఆ మనిషి మా నీలం బనీనుతో వాళ్ల ముందు ఎగరాలి. నేను కోరుకున్నది అంతే.

ఆ సీజన్‌లో లీగు ఆటలో కొత్త క్యాంపును మొదటిసారి ఓడించాం. మర్నాడు మా బస్సు డ్రైవరు ముఖం చూడాలనే ముందు సీట్లో కూర్చున్నాను. అతను జగిత్యాల మనిషి, ఉండేది కొత్త క్యాంపులో. ఏటా మేం ఓడిన మర్నాడు బస్సంతా వినేట్టు, "ఏందన్నా, మీ నీలం రంగు వెలిసిపోయిందా, సబ్బు మార్చున్రి" అనేవాడు. అవన్నీ నాకు గుర్తున్నాయి.

"ఏమప్పా, ఈ పొద్దు మాటల్లేవే" అన్నాను.

"గిది లీగే గదన్నా" అన్నాడు, అద్దంలోంచి నన్ను చూస్తూ. "ఫైనల్ రానియ్యి. జెర ఆగు."

ఓడినవాడికి అంత నిబ్బరం ఎక్కడిది? అప్పుడే నాకు ఏదో తట్టింది. స్టోర్‌లో అందరికీ చెప్పాను. నాకు అనుమానం జబ్బు పట్టిందన్నారు.

ఫైనల్‌కు రెండు రోజుల ముందు డ్యూటీ దిగి వస్తుంటే శ్రీకాకుళం మనిషి నెత్తిన పరుపు పెట్టుకుని ఎదురొచ్చాడు.

"యాడికి పోతాండావు?" అన్నాను.

"కొత్త క్యాంపుకన్నా. ఏసీ పాడైపోనాదట, మార్సినారు."

"పాడైపోయిందట ఏంది? నీ గదిలో ఏసీ నీకు తెలీదా?"

"సప్పుడు సేత్తందని సెప్పాను. సల్లగానే ఉంటాది."

"ఎన్నాళ్లనించి చేస్తాంది సప్పుడు?"

"నానొచ్చిన కాడ్నుంచీ" అన్నాడు. పరుపు ఒక చేత్తో సర్దుకుని, "ఇప్పుడు ఇన్నట్టున్నారు" అన్నాడు.

నేను నేరుగా హౌసింగ్ ఆఫీసుకు వెళ్లాను. నా క్యాబిన్‌లోనే ఒక మంచం ఖాళీగా ఉంది, అతన్ని అందులో వేయండి అన్నాను. ఆ మంచానికి ఇంకా క్లియరెన్స్ రాలేదన్నాడు ఇన్‌చార్జ్. ఇది టెంపరరీ అన్నాడు. ఎప్పటిదాకా అన్నాను. "బుక్రా, ఇన్‌షా అల్లాహ్." బుక్రా అంటే రేపు. ఇక్కడ ఆ మాట ఎవరు ఎన్నిసార్లు విన్నారో, అది ఎన్ని రోజుల దూరమో గల్ఫులో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు.

మర్నాడు అతని పాత క్యాబిన్ తలుపు తట్టాను. అప్పటికే ఇద్దరు కొత్తవాళ్లను అందులో వేశారు. ఏసీ గర్రుమని మోగుతోంది. లోపలి మనిషి ఒంటి మీద దుప్పటి కప్పుకుని వచ్చి తలుపు తీశాడు. ఏసీ పనిచేస్తోందా అన్నాను. "బహుత్ ఠండా, భాయ్" అన్నాడు, దుప్పటి బిగించుకుంటూ.

అక్కడి నుంచి కమిటీ దగ్గరికి వెళ్లాను. కమిటీ పెద్ద ఎవరంటే కొత్త క్యాంపు కెప్టెనే, సేఫ్టీ ఇంజనీరు. పాడైన ఏసీ కింద వేరేవాళ్లు చలికి వణుకుతున్నారని చెప్పాను. రిపేరు చేయించి ఉంటారన్నాడు. రిపేరయితే అతన్ని వెనక్కి పంపండి అన్నాను. గదులు మా పని కాదు, హౌసింగ్ పని అన్నాడు. మరి హౌసింగ్‌వాళ్లు మీ టెంటు కింద కూర్చుంటారేం అన్నాను. "రూలు మీ పాత మేనేజరు పెట్టిందే కదా, మేట్" అని నా చేతిలో ఒక జ్యూసు డబ్బా పెట్టాడు. తాగలేదు. వాళ్ల బల్ల మీదే పెట్టి వచ్చాను.

శుక్రవారం సాయంకాలపు అసర్ నమాజు అయ్యాక ఫైనల్ మొదలైంది. టాస్ వాళ్లదే. మొదట ఎదురుగాలికి ఆడతామన్నారు. అతను పసుపు బనీనులో దిగాడు. మా వైపు ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు. అయినా మావాళ్లు ఆ రోజు ప్రాణం పెట్టి ఆడారు. మూడు భాగాలు అయ్యేసరికి మేమే ముందున్నాం. క్లినిక్‌లో పనిచేసే గుంటూరు నర్సమ్మ ఫస్ట్ ఎయిడ్ పెట్టెతో మా పక్కనే ఉంది.

"అన్నయ్యా, కాసేపు కూర్చోండి. మీకు బీపీ పెరుగుద్ది" అంది.

"చివరి భాగం గాలి వాళ్లది, చెల్లెమ్మా."

"గాలి దేవుడిదండి" అంది.

కావచ్చు. ఎటువైపు ఎప్పుడు నిలబడాలో ఎంచుకునేది మాత్రం మనుషులే.

చివర్లో మేం నాలుగు పాయింట్లే ముందున్నాం. మైదానం మధ్య నుంచి వాళ్లొకడు బంతిని ఎత్తుగా తన్నాడు. గాలి దాన్ని మోసుకొచ్చి మా స్తంభాల ముందు దించింది. మావాళ్లు నలుగురు దాని కింద చేరారు. అతను ఎగిరాడు. మేం చేతులతో ఒకరికొకరం చూపించుకున్న ఎగురుడే అది, అదే మోకాలు, అవే చేతులు. ఈసారి ఆ మోకాలు మావాడి వీపు మీద ఉంది. మార్క్. విజిల్. అతను బంతి పట్టుకుని వెనక్కి నడిచి, ఒకసారి మా వైపు చూశాడు. పక్కకు తంతాడని నా పక్కనున్న వెల్డరు అన్నాడు. మధ్య స్తంభాల నడుమ నుంచి తిన్నగా పోయింది. ఆట అయిపోయింది.

బస్సు డ్రైవరు నా పక్క నుంచి పోతూ, "నే జెప్పలేదా అన్నా" అన్నాడు. ఏం చెప్పావు, నీకెవరు చెప్పారు అని వెనకే వెళ్లాను. గెలిచినవాళ్లు డప్పులు కొడుతున్న గుంపులో కలిసిపోయాడు.

జనం పలచబడ్డాక శ్రీకాకుళం మనిషి బూట్లు చేత్తో పట్టుకుని మా వైపు వచ్చి ఇసుకలో కూర్చున్నాడు.

"పక్కకి తన్నుంటే బావుండీదని మీరంతా అనుకున్నారు, నాకు తెలుసన్నా" అన్నాడు. "తన్నుంటే ఆళ్లు నన్ను దొంగంటారు. రేపు మీరూ అనుమానపడతారు, ఈడెవలికైనా ఇలాగే సేత్తాడని."

అది నిజమే. పడేవాణ్ణి.

"నువ్వు మారతానని అడిగినావా? నిజం చెప్పు" అన్నాను.

"నన్నెవలడిగారన్నా? ఫోన్ సేసి సామాను సర్దుకోమన్నారు, సర్దుకున్నాను." బూట్లలో ఇసుక దులుపుతూ, "అక్కడ మెస్సు దగ్గర. అబద్ధమెందుకు, కాళ్లకి సుకంగా ఉంది" అన్నాడు.

"మరి ఎనక్కి రమ్మంటే?"

"వచ్చీస్తాను. నీలం బనీన్లో అయితే బంతి పట్టుకుంటే మనోళ్లు అరుస్తారు. ఇక్కడ సప్పట్లు కొడతారు, అంతే. కానీ రమ్మని ఆళ్లు సెప్పాలి కదన్నా. నా అంతట నాను పరుపెత్తుకుని వచ్చీలేను కదా."

అందుకే ఈ రాత. అతను అబద్ధం చెప్పాడని నేను అనను. మెస్సు దగ్గరగా ఉంటే ఎవరికైనా సుఖమే. ఆ సుఖం సరిగ్గా ఫైనల్‌కు రెండు రోజుల ముందు ఎందుకు గుర్తొచ్చింది, ఎవరికి గుర్తొచ్చింది అన్నదే నా ప్రశ్న. ఎండలు తగ్గాయి. స్తంభాలకు మళ్లీ రంగు వేస్తున్నారు, ఆ రంగు డబ్బాలు నా స్టోర్ నుంచే తీసుకెళ్లారు. వచ్చే శుక్రవారం మొదటి ఆట. టెంపరరీగా మార్చామన్న మనిషి ఇంకా కొత్త క్యాంపులోనే పడుకుంటున్నాడు. మొన్న మా క్యాంపులో కొత్తగా దిగిన ఒడిశా ఫిట్టరు ఒకడు మైదానంలో బంతి తంతుంటే, టెంటు కింద కుర్చీలో ఉన్న హౌసింగ్ ఇన్‌చార్జ్ లేచి నిలబడి చూశాడు. ఆ చూపు నేను చూశాను. ఫిట్టరుకు కూడా చెప్పాను, ఏ చప్పుడు గురించీ ఎవరికీ చెప్పొద్దని.

హౌసింగ్ ఇన్‌చార్జ్ గారూ, కమిటీవారూ, ఎవరైతే ఆ ఫోన్ చేశారో వారూ! కప్పు మీరే ఉంచుకోండి, దాన్ని నేను అడగడం లేదు. ఆ మనిషిని మార్చమని చెప్పింది ఎవరు? వెనక్కి ఎప్పుడు పంపుతారు? రేపు అనొద్దు, చూద్దాం అనొద్దు. శుక్రవారం విజిల్ పడే లోపల, మీలో ఒక్కరు, నా ముఖం చూసి జవాబు చెప్పండి.